పైకప్పు మీద లంగరు ఉన్న ఆ సైనిక వాహనం

మీ ఫొటోలో ఉన్నది బ్రిటిష్ సైన్యం వాడిన ఎఫ్‌వీ 180 కంబాట్ ఇంజనీర్ ట్రాక్టర్. తుపాకీ లేని ట్యాంకా, బుల్డోజరా అని అడిగారు. పైన ఆ పెద్ద కొక్కెం ఎందుకుందో కూడా అడిగారు. బండి ఏదో చెప్పేది ఆ కొక్కెమే. ఇంజనీర్ దళంలో ఉన్న రోజుల్లో ఈ బండి మీద పనిచేశాను, అందుకే చూడగానే పోల్చుకున్నాను.

అది లంగరు. దానికి రాకెట్ తగిలించి పేలిస్తే ఇనుప తాడును వెంట లాక్కుంటూ సుమారు 90 మీటర్ల దూరం వెళ్లి పడుతుంది. ఈ బండి నీళ్లలో ఈదగలదు. పక్కల ఉన్న నీటి జెట్‌లు దాన్ని నది దాటిస్తాయి. కానీ అసలు కష్టం అవతలి ఒడ్డున మొదలవుతుంది. తడిసిన గట్టు మీద ట్రాకులు పట్టు దొరక్క అక్కడికక్కడే తిరుగుతాయి. అప్పుడు లంగరును గట్టు పైకి విసిరి, అది నేలలో దిగబడ్డాక, 8 టన్నుల బలంతో తాడును చుట్టుకుంటూ లాగే వించ్‌తో బండి తనను తానే పైకి ఈడ్చుకుంటుంది. ముందుగా ఎవరో అవతలికి వెళ్లి తాడు కట్టనక్కరలేదు. శత్రువు కాల్పుల మధ్య నది దాటవలసిన దళానికి అది ఎంత పెద్ద ఊరటో ఆ పనిలో ఉన్నవారికే తెలుస్తుంది. నిలువు వాలు ఎక్కడానికీ, బురదలో దిగబడితే బయటపడడానికీ అదే ఉపాయం.

ఇక మట్టి తవ్వే బకెట్టు. అది ముందు భాగమని మీరు అనుకున్నారు, నిజానికి రోడ్డు మీద వెళ్లేటప్పుడు అది వెనుక ఉంటుంది. ఇద్దరు సిబ్బంది ఒకే పక్కన, ఒకరి వెనుక ఒకరు కూర్చుంటారు. సీట్లు తిరుగుతాయి, గేర్లు రెండు దిశల్లోనూ సమానంగా ఉంటాయి. తవ్వకం మొదలుపెట్టాలంటే బండిని తిప్పరు, మనిషే తిరుగుతాడు. నాకు ఈ బండిలో అన్నిటికంటే నచ్చింది ఈ ఆలోచనే. బకెట్టు అల్యూమినియంతో చేసినది, పళ్లు మాత్రం ఉక్కువి. ట్యాంకులు దాక్కునే గోతులు తవ్వడం, కందకాలు పూడ్చడం, రేవుల దగ్గర గట్టు కోసి దారి చేయడం దాని రోజువారీ పని. బరువు సుమారు 17 టన్నులు.

చాలామంది దీన్ని అమెరికన్ సైనిక బుల్డోజర్ ఎం9తో పొరబడతారు. ఎం9లో ఒక్కడే సైనికుడు ఉంటాడు. బరువు చాలకపోతే ముందున్న తొట్టిలోకి మట్టి నింపుకుని, ఆ బరువుతో నేలను నెడుతుంది. బ్లేడును విడిగా ఎత్తే చేతులు దానికి లేవు, సస్పెన్షన్‌తో ముక్కునే దించుకుంటుంది. పైకప్పు మీద లంగరు ఉండదు. సోవియట్ కందక యంత్రం బీటీఎం-3 అయితే వెనుక బకెట్లు బిగించిన పెద్ద చక్రం కనిపిస్తుంది. అది కందకాలు తవ్వడానికే పుట్టింది, దాన్ని చూసి మరో బండి అనుకోవడం కష్టం.

ఎఫ్‌వీ 180 1970ల చివర్లో సేవలోకి వచ్చింది. భారత, సింగపూర్ సైన్యాలు కూడా దీన్ని వాడాయి. బ్రిటన్‌లో 2013లో వచ్చిన టెర్రియర్ అనే బండి దీని స్థానం తీసుకుంది. మీరు ఆ బండి దగ్గరికి మళ్లీ వెళ్తే పైన సిబ్బంది దిగే మూతలు చూడండి: రెండూ ఒకే పక్కన, ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. అది ఎడమా కుడా అన్నది మీరు ఏ కొసను ముందు అనుకుంటారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.