కోర్సు సంగతి తర్వాత, ముందు ఆరు నెలల ఖర్చు

కందుకూరు నుంచి డాలస్ వచ్చిన ఒక తమ్ముడి ప్రశ్న: "నేను చేసే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో సగం ఇప్పుడు ఏఐ చేసేస్తోంది. ఏ కోర్సు నేర్చుకుంటే ఉద్యోగం నిలుస్తుంది? నెల్లూరులో ఫ్లాటు కొనమని నాన్నగారు అంటున్నారు. అప్పు తీసుకోవచ్చా?"

తమ్ముడూ, ముందు అడగవలసింది చివర అడిగావు. నీ వయసులో నేనూ అంతే.

నేను 1999లో అల్లూరు నుంచి న్యూజెర్సీ వచ్చాను. తెలిసిన విద్య కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష ఒక్కటే. పాత ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచుకునేవి. 2000 రాగానే 00ను 1900గా పొరబడతాయని బ్యాంకులూ బీమా సంస్థలూ భయపడ్డాయి. ఆ భయమే మాకు అన్నం పెట్టింది. చేతికి వచ్చిన ప్రతి డాలరునూ 43తో గుణించి చూసుకుని, నేను ధనవంతుణ్ణనుకున్నాను. గదిలో ఐదుగురం సర్దుకుని, మిగిలినదంతా ఊరికి పంపేవాణ్ణి. మా బావ రొయ్యల గుంటలు లీజుకు తీసుకుని టైగర్ రొయ్య వేశాడు. రెండు పంటలకు మేత ఖర్చు నా జీతమే. మూడో పంటకు వైట్ స్పాట్ అనే తెల్లమచ్చల వ్యాధి తగిలింది. వారం తిరగకుండానే రొయ్యలన్నీ గట్టు వారకు చేరి చచ్చిపోయాయి.

2001లో నా ఉద్యోగం పోయింది. ఆ రోజు నా ఖాతాలో ఉన్నది 380 డాలర్లు. హెచ్‌-1బీ ఉద్యోగ వీసా వాళ్లకు, పని పోయాక ఇక్కడే ఉండి వేరేది వెతుక్కోవడానికి ఇప్పుడున్న 60 రోజుల వరకు గడువు 2017లో వచ్చింది. అప్పట్లో అదీ లేదు. (నియమాలు మారుతుంటాయి. ప్రభుత్వ వెబ్‌సైటులోనో, లాయరు దగ్గరో సరిచూసుకో.) నా గదిలోనే ఉండే ఒంగోలు మిత్రుడి పనీ అదే నెలలో పోయింది. అతని దగ్గర దాచిన డబ్బుంది. ఇంటికి వెళ్లి ఐదు నెలలు కూర్చుని జావా అనే కొత్త కంప్యూటర్ భాష నేర్చుకుని, వీసాలో మిగిలిన కాలంతో మంచి జీతానికి తిరిగి వచ్చాడు. విమానం టికెట్టుకూ డబ్బు లేని నేను, ఎదురైన మొదటి ఉద్యోగానికి తల ఊపి ఒహాయో వెళ్లి, తక్కువ జీతానికి అదే పాత పనిలో ఆరేళ్లు ఉండిపోయాను. తెలివిలో అతను నాకంటే ఎక్కువేమీ కాదు. అతనికి ఐదు నెలల బియ్యం ఉంది, నాకు లేదు. ఆ తేడా పూడ్చుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది. పూడ్చుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను, పిల్లల్ని చదివించాను.

మన తీరంలోనూ ఇదే జరిగింది. 2009లో వనామి అనే కొత్త రకం రొయ్యకు అనుమతి వచ్చింది. నీటికి గాలి అందించే ఏరియేటర్లు, తమంతట తామే మేత వేసే ఆటోఫీడర్లు దిగాయి. పూర్వం తెల్లవారుజామున కాపలా మనిషి టార్చిలైటు పట్టుకుని, రొయ్యలు పైకి తేలుతున్నాయేమోనని గుంట చుట్టూ తిరిగేవాడు. ఇప్పుడు నీటిలో ఆక్సిజన్ తగ్గితే ఫోను మోగించే పరికరాలున్నాయి. కొత్త పద్ధతి అందరి కళ్లముందే వచ్చింది. అందులోకి దిగగలిగింది మాత్రం పాత నష్టాన్ని తట్టుకుని చేతిలో కొంత మిగుల్చుకున్నవారు. మా బావ అప్పటికే భూమి అమ్మేశాడు.

ఏఐ విషయానికి వస్తే, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తర్వాత నా పనీ మారింది. పాత కోబాల్ ప్రోగ్రామును చదివి అర్థం చేసుకోవడానికి రెండు రోజులు పట్టేది, ఇప్పుడు గంటలో సారాంశం చేతికొస్తోంది. ఆ సారాంశంలో తప్పు పట్టుకోవాలంటే బ్యాంకులో వడ్డీ లెక్క ఎలా కడతారో తెలిసి ఉండాలి. నువ్వు ఏ వ్యాపారానికి టెస్టింగ్ చేస్తున్నావో ఆ వ్యాపారం నేర్చుకో. ఉద్యోగం గ్యారంటీ అంటూ వేల డాలర్లు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లకు.

ఫ్లాటు ఇప్పుడు వద్దు. నాన్నగారికి కోపం వస్తుంది, రానీ. అద్దె, కారు, బీమా, తిండి కలిపి నెలకు ఎంతవుతుందో రాసుకుని ఆరుతో గుణించు. డాలర్లలోనే లెక్కపెట్టు, రూపాయల్లో చూడకు. ఆ మొత్తం వేరే ఖాతాలో చేరేవరకు ఊళ్లో సెంటు స్థలం కూడా కొనవద్దు. అమ్మానాన్నలకు మందులకూ ఇంటి ఖర్చుకూ పంపు, అది ఆపమని నేను చెప్పను.

వచ్చే జీతం పడిన రోజు ఎంత పక్కన పెట్టావో నాకు రాయి. కోర్సు గురించి అప్పుడు మాట్లాడదాం.