ఆ కుక్క ఎవరో తెలుసుకుని పాడు

చి. బుజ్జికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన పాట మూడుసార్లు విన్నాను. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. కానీ నువ్వు ‘హౌండ్ డాగ్’ (వేటకుక్క) అనే ఆ ఇంగ్లీషు పాట పాడలేదమ్మా, దాన్ని పాడిన అమెరికా రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీని అనుకరించావు. ముప్ఫై ఏళ్లు హోటళ్లలో ఇతరుల పాటలు వాయించి బతికినవాడిని, ఆ తేడా నాకు వెంటనే చెవిన పడుతుంది. కాలేజీ కార్యక్రమానికి ఇంకా మూడు వారాలుంది కాబట్టి నిదానంగా చదువు.

ముందు అమెరికా బ్లూస్ గాయని బిగ్ మామా థార్న్‌టన్‌ను విను. 1952 ఆగస్టు 13న లాస్ ఏంజెలెస్‌లో ఈ పాటను మొదట రికార్డు చేసింది ఆవిడే. రాసిన జెర్రీ లీబర్, మైక్ స్టోలర్‌లకు అప్పటికి చెరో 19 ఏళ్లు. అసలు ఆ పాటలో కుక్కే లేదు. తేరగా తింటూ ఇంటి చుట్టూ తిరిగే మగవాడిని ఒకావిడ గడప బయట నిలబెట్టి కడిగేస్తోంది. తోక ఎంత ఆడించినా ఇక ముద్ద పెట్టను పొమ్మంటోంది. మొదట ఆమె దాన్ని ప్రేమపాటలా మెత్తగా అందుకుందని, లీబర్ పాడి చూపించాక గొంతు మార్చిందని చెబుతారు. ఆ గుర్రు విను. పీట్ లూయిస్ గిటారు ఆమె ప్రతి తిట్టుకూ ఎలా వంత పాడుతుందో విను. చివర్లో వాద్యగాళ్లే కుక్కల్లా ఊళలు పెడతారు, నాకు ఇప్పటికీ నవ్వు ఆగదు.

మరి ‘ఒక్క కుందేలునైనా పట్టలేదు’ అని నువ్వు పాడిన కుందేలు ఎక్కడిది? లాస్ వేగాస్‌లో పాడే ఫ్రెడ్డీ బెల్ బృందం మాటలు మార్చి ఆ మగవాడిని నిజం కుక్కను చేసింది. 1956లో అక్కడికి వెళ్లిన ఎల్విస్ ఆ మాటలనే ఎత్తుకున్నాడు. అంటే నీది నకలుకు నకలుకు నకలు. అలాగని ఎల్విస్‌ను తీసిపారేయకు. ఆ ఏడాది జులై 2న న్యూయార్క్‌లో 31 సార్లు పాడి గానీ ఒప్పుకోలేదు. అర్థం పోయినా, డి.జె. ఫొంటానా డ్రమ్స్ మోతతో దానికి వేరే ప్రాణం పోశాడు. ఆ నెలలోనే స్టోలర్ ప్రయాణిస్తున్న ఓడ మునిగింది. బతికి ఒడ్డుకు చేరిన మనిషికి, మన పాట పెద్ద హిట్టయిందని లీబర్ రేవులోనే చెప్పాడు. థార్న్‌టన్ రికార్డా అని అడిగాడట స్టోలర్!

ఇక నీ సంగతి. మాటలను చేత్తో రాసుకుని, పక్కన తెలుగులో భావం రాసుకో. గడప బయట ఎవరిని నిలబెట్టాలో నువ్వే ఎంచుకో, నాకు చెప్పనక్కరలేదు. థార్న్‌టన్ గుర్రును మాత్రం తెచ్చుకోకు. గొంతు నొక్కి పాడితే రెండో చరణానికే బొంగురుపోతావు. నీకు హాయిగా ఉన్న శ్రుతికి దించుకో, కోపాన్ని మాటల విరుపులో చూపించు. చిన్నతనంలో నేను ఒక రికార్డులోని గిటారు ముక్కను ఉన్నదున్నట్టు దించేశాను. మా బృందంలోని ముసలి సాక్సఫోన్ ఆయన విని, ‘వాడి తప్పు కూడా అప్పు తెచ్చావేమిరా’ అన్నాడు. వారం రోజులు గిటారు ముట్టలేదు.

1965లో లండన్‌లో బడ్డీ గై గిటారుతో ఆమె మళ్లీ పాడింది, అదీ విను. తన పాటను తానే వేరేగా పాడుకుంది. ఆ తర్వాత కార్యక్రమానికి వారం ముందు నుంచి ఎవరి రికార్డూ వినకు.

వేదిక మీద మొదట ఆమె పేరు చెప్పు. ఏడు వారాలు అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ హిట్ పాటల జాబితాలో మొదటి స్థానంలో నిలిచిన పాటకు తనకు దక్కింది 500 డాలర్లేనని ఆవిడ చెప్పుకుంది.

ఆదివారం మళ్లీ పాడి పంపు. డ్రమ్స్ అబ్బాయిని ఆ రోజుకు సెలవు తీసుకోమను, చప్పట్లు చాలు.

మీ పెదనాన్న