పేతురు, యోహాను పాలివాళ్ళా? యోహాను యేసుకు పిన్ని కొడుకా?

మీ ప్రశ్నలో రెండు ఉన్నాయి. బైబిల్లో లూకా 5:10లో జెబెదయి కొడుకులైన యాకోబు, యోహానులను సీమోనుకు, అంటే పేతురుకు, 'పాలివారు' అన్నారు కదా, వాళ్ళు దాయాదులా అన్నది ఒకటి. యాకోబు, యోహాను యేసుకు తల్లి తరఫు అన్నదమ్ములంటారు, నిజమేనా అన్నది రెండోది.

మొదటి విషయంలో నేనూ చాలా ఏళ్ళు పొరబడ్డాను. మా అమ్మమ్మది బందరు వైపు పల్లె. అక్కడ పాలివాళ్ళంటే ఒకే ఇంటిపేరు వాళ్ళు, పెళ్ళి సంబంధం కలుపుకోకూడనివాళ్ళు. ఆవిడ అక్షరాల కింద వేలు జరుపుకుంటూ ఆ వచనం చదివి, "పాలోళ్ళు గనకే సైగ చేయగానే రెండో దోనె వేసుకొచ్చారు" అనేది. సండేస్కూల్లో పిల్లలకు నేనూ అదే చెప్పాను. గ్రీకు చదువుకున్న ఒక పాస్టరుగారు సరిదిద్దారు. గ్రీకు మూలంలో 7వ వచనంలో మెతొఖోయ్, 10వ వచనంలో కొయినోనోయ్ అని ఉందట. రెండింటికీ అర్థం వాటాదారులు, పొత్తులో ఉన్నవాళ్ళు. 'పాలు పంచుకోవడం'లో ఉన్న పాలు అది. మన అనువాదకులు మాట సరిగ్గానే వేశారు, మేమే దాన్ని ఇంటిపేరు దాకా తీసుకెళ్ళాం.

కాబట్టి వాళ్ళది రక్తసంబంధమని వచనం చెప్పడం లేదు, చేపల వేటలో పొత్తు అని చెబుతోంది. పేతురు, అంద్రెయ, ఫిలిప్పు ముగ్గురిదీ బేత్సయిదా (యోహాను 1:44). జెబెదయి దోనెలో జీతగాళ్ళు కూడా ఉన్నారు (మార్కు 1:20). 1986లో కరువుకు గలిలయ సముద్రం నీరు వెనక్కి తగ్గినప్పుడు బురదలో ఆ కాలపు పడవ ఒకటి బయటపడింది. పొడవు ఎనిమిది మీటర్లు దాటుతుంది, వెడల్పు 2.3 మీటర్లు. ఆ కొలత చదివాకే నాకు ఆ దృశ్యం కళ్ళకు కట్టింది. అంత పడవను ఒకరిద్దరు నడపలేరు. యేసు పిలిచిన మొదటి నలుగురూ ఒకరి చెయ్యి ఒకరికి తెలిసినవాళ్ళు.

ఇక రెండోది. సిలువ దగ్గరున్న స్త్రీలలో మార్కు (15:40) సలోమే పేరు చెబితే, మత్తయి (27:56) అదే చోట జెబెదయి కుమారుల తల్లి అంటాడు. ఇద్దరూ ఒకరే కావచ్చు. యోహాను 19:25లో మాత్రం యేసు తల్లి, మగ్దలేనే మరియలతో పాటు "ఆయన తల్లి సహోదరియు, క్లోపా భార్యయైన మరియయు" అని ఉంది. పేరు చెప్పని ఆ సహోదరే సలోమే అయితే యాకోబు, యోహాను యేసుకు వరసకు అన్నదమ్ములే. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

కానీ మన బైబిల్లో ఆ 'యు' చేసే పని చూడండి. దానివల్ల తెలుగులో నలుగురు స్త్రీలు తప్ప ఇంకోలా లెక్క రాదు. గ్రీకులో ఆ రెండు మాటల మధ్య 'మరియు' లేదు. తల్లి సహోదరి అంటే క్లోపా మరియే అని ముగ్గురిగా చదవొచ్చు. ఒకే ఇంట్లో అక్కాచెల్లెళ్ళిద్దరికీ మరియ అనే పేరు పెడతారా అని అడుగుతారు. దానికి జవాబు మనకు వెంటనే అందుతుంది. క్లోపా, యేసు తల్లి మరియ భర్త యోసేపుకు తమ్ముడో అన్నో అవుతాడని 2వ శతాబ్దపు క్రైస్తవ రచయిత హెగెసిప్పస్ రాశాడు, ఆ మాట 4వ శతాబ్దంలో యూసేబియస్ రాసిన సంఘ చరిత్రలో నిలిచింది. అంటే ఇద్దరు మరియలూ తోటికోడళ్ళు. మన ఇళ్ళలో తోటికోడళ్ళు అక్కా, చెల్లీ అనే కదా పిలుచుకుంటారు! క్లోపా కొడుకు సుమెయోను, ప్రభువు సహోదరుడైన యాకోబు తర్వాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడని కూడా అదే చరిత్రలో ఉంది. నేను ఈ వైపే మొగ్గుతాను. అప్పుడు సలోమే చుట్టరికానికి వేరే ఆధారం మిగలదు.

పేర్లు కలిసినంత మాత్రాన చుట్టరికం కట్టలేం. శిష్యుల్లో లేవి తండ్రీ అల్ఫయి, ఇంకో యాకోబు తండ్రీ అల్ఫయి. అయినా పేతురు, అంద్రెయలను అన్నదమ్ములని చెప్పిన సువార్తలు వీళ్ళిద్దరినీ అలా అనలేదు, నేనూ అనను.

ఇలాంటి వరసల్లో ఖాయంగా చెప్పగలిగిన చుట్టరికం మార్కుది, పౌలుతో కలిసి పనిచేసిన బర్నబాది (కొలొస్సయి 4:10). అక్కడి గ్రీకు మాట మేనబావ అయినా, పెదనాన్న కొడుకు అయినా సరిపోతుంది. పేతురుకు మార్కు చుట్టమని బైబిల్లో ఎక్కడా లేదు, అయినా పేతురు "నా కుమారుడైన మార్కు" అని రాశాడు. చెరసాల నుంచి బయటపడ్డ రాత్రి పేతురు నేరుగా వెళ్ళింది మార్కు తల్లి ఇంటికే. తలుపు తట్టగానే రొదే అనే చిన్నది గొంతు పోల్చుకుంది. సంతోషంలో తలుపు తీయడం కూడా మరిచి, పేతురు వచ్చాడని చెప్పడానికి లోపలికి పరుగెత్తింది.