ఎడారి రాళ్లను రీలు కెమెరాతో తీయాలనుకునే తమ్ముడికి

తమ్ముడూ, కందుకూరు నుంచి లాస్ ఏంజిలిస్ వచ్చి నాలుగు నెలలే అయిందన్నావు. కాలిఫోర్నియాలోనే ఉన్న అలబామా హిల్స్ రాళ్లను రీలు కెమెరాతో తీయడానికి అనుమతి కావాలా అని అడిగావు. అది ప్రభుత్వ భూమి, బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ప్రభుత్వ సంస్థ చూసుకుంటుంది. సరదాగా తీసుకునే ఫొటోలకు అనుమతి అక్కర్లేదు. రాత్రి గుడారం వేసే ఆలోచన ఉంటే వాళ్ల వెబ్‌సైటు చూసుకో. నువ్వు అడగవలసింది అనుమతి గురించి కాదు, డబ్బు గురించి.

మాది చీమకుర్తి. గెలాక్సీ గ్రానైటు క్వారీల పక్కన పెరిగినవాణ్ణి, రాళ్ల గురించి నాకొకరు చెప్పాలా అనుకుని, వచ్చిన ఏడాదే ఎండాకాలంలో 4 రీళ్లు కొనుక్కుని బయలుదేరాను. ఇంటికి డబ్బు పంపాక చేతిలో మిగిలేది అంతంతమాత్రంగా ఉన్న రోజులవి.

మొదటి రీలు కొస లోపలి చక్రానికి పట్టుకోలేదు. 36 బొమ్మలు తీశాననే అనుకున్నాను. కడిగిస్తే ఒక్క బొమ్మ లేదు, రీలంతా ఖాళీగా మెరుస్తోంది. రీలు ముందుకు జరిపే లివరు లాగిన ప్రతిసారీ ఎడమ పక్కనున్న రివైండు మీట కూడా తిరగాలి. అది కదలడం లేదంటే లోపల రీలు నడవడం లేదు. వారం రోజుల కూరగాయల డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను ఆ సంగతి.

తరువాతి రెండూ మిట్టమధ్యాహ్నం వాడేశాను. ఎండ నడినెత్తిన ఉంటే గుండ్రటి బండ కూడా చదునుగా కనిపిస్తుంది. పైగా వెలుగు కొలిచే మీటరును లేత రంగు బండ మీదే చూశాను. మీటరుకు దేన్ని చూపినా అది నడిమి బూడిదరంగే అనుకుంటుంది. తెల్లరాయికి వెలుగు తగ్గించమంటుంది, మన చీమకుర్తి నల్లరాయికైతే పెంచమంటుంది. అన్నీ చీకటిగా వచ్చాయి. ఇప్పుడు ఎండలో అరచేయి చాచి, దాని మీద మీటరు చూసి, ఒక స్టాపు ఎక్కువ, అంటే రెట్టింపు వెలుగు ఇస్తాను. ఒక్క బొమ్మతో పని అయిపోతుంది. వెలుగు మార్చి మూడేసి తీయమని కొందరు చెబుతారు. మూడు బొమ్మలంటే మూడింతల ఖర్చు, కొత్తగా వచ్చినవాడు చేయవలసిన పని కాదు.

నాలుగో రీలు ఎండలో నిలిపిన కారులో ఉండిపోయింది, రంగులు పాడయ్యాయి. ఐసు పెట్టెలో పెట్టుకో.

తెల్లవారకముందే చేరుకో. ముందు పడమటనున్న విట్నీ శిఖరం ఎర్రబడుతుంది. దాని ఎత్తు 14,505 అడుగులు. కాసేపటికి వెలుగు కిందికి దిగి బండలను తాకుతుంది. పగుళ్లలోకి దిగిన నీరు యుగాల తరబడి మూలలను తిని గుండ్రంగా చేసిన రాళ్లవి. ఆ ఏటవాలు వెలుగులోనే ఆ గుండ్రదనం కనిపిస్తుంది. పోయిన శీతాకాలంలో రెండు ఉదయాలు గడిపి 11 బొమ్మలే తీశాను, 9 బాగా వచ్చాయి. ఒకటి చీమకుర్తిలో మా నాన్నగారి గదిలో ఉంది.

ఇంకో లెన్సు కొనాలా అని కూడా అడిగావు. వద్దు. 50 మిల్లీమీటర్లది ఉందన్నావు కదా, అది చాలు. ఆ డబ్బు వచ్చే నెల అద్దెకు ఉంచుకో.