గ్యాప్ పెంచకండి, గాలి పెంచండి

మీ టెస్లా కాయిల్‌కి (అధిక వోల్టేజీతో గాల్లోకి మెరుపులు వదిలే పరికరం) రెండు ఇత్తడి బోల్టులు ఎదురెదురుగా బిగించి స్పార్క్ గ్యాప్, అంటే స్పార్క్ దూకే సందు, చేశానన్నారు. ఆన్ చేసిన అర నిమిషం మెరుపులు బాగా వచ్చి, తర్వాత చప్పబడుతున్నాయి, గ్యాప్ ఇంకాస్త పెంచనా అని అడిగారు. వద్దండీ. నేను సరిగ్గా ఆ పనే చేసి ట్రాన్స్‌ఫార్మర్ పోగొట్టుకున్నాను. వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్లో కొన్న నియాన్ బోర్డుది, 9 కేవీ (9 వేల వోల్టులు). బోల్టు జరిపినకొద్దీ మెరుపు పొడవవుతుంటే సంబరపడ్డాను. ఓ సాయంత్రం లోపల టప్‌మంది, తారు కాలిన వాసన వచ్చింది. గ్యాప్ దూరమైతే అది పేలేలోపు, అంటే స్పార్క్ దూకేలోపు, వోల్టేజీ ఇంకా పైకెక్కుతుంది, ఆ దెబ్బ వైండింగ్ ఇన్సులేషన్ మీద పడుతుంది.

మీ మెరుపులు తగ్గడానికి కారణం వేడి. బోల్టు మొనలు కాగితే మధ్య గాలి త్వరగా చల్లబడదు, స్పార్క్ ఆరదు. ఆరకపోతే సెకండరీకి (మెరుపులిచ్చే పెద్ద చుట్టకి) చేరిన శక్తి మళ్లీ ప్రైమరీలోకి (దానికి శక్తినిచ్చే చిన్న చుట్టలోకి) వచ్చేస్తుంది.

అందుకే ఒక పెద్ద గ్యాప్‌ని చిన్న చిన్న గ్యాపులుగా విడగొట్టాలి. ఆటోనగర్‌లో ఏసీ రాగి గొట్టం ముక్కలు తెచ్చి, పెద్ద పీవీసీ పైపు లోపలి గోడకు ఏడు ముక్కలు పక్కపక్కనే నిలువుగా బిగించాను. ఏడింటికి ఆరు గ్యాపులు. ఒక్కోటి 0.7 మిల్లీమీటర్లు. కొలవడానికి మెకానిక్కులు స్పార్క్ ప్లగ్గుకి వాడే ఫీలర్ గేజే. ఇంత సన్నటి సందు పేలడానికి సుమారు 3 కేవీ పైన కావాలి. 9 కేవీ ట్రాన్స్‌ఫార్మర్ పీక్ (ఏసీ అల శిఖరంలో వోల్టేజీ) 12.7 కేవీ కాబట్టి మూడు గ్యాపులతో మొదలుపెట్టండి. కెపాసిటర్ (ఛార్జిని నిల్వ చేసుకునేది) ఊడదీసి, ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదానితోనే గ్యాప్ పేలుతోందో లేదో చూడండి. పేలకపోతే ఒకటి తగ్గించండి. గ్యాప్ ట్రాన్స్‌ఫార్మర్ రెండు టెర్మినళ్లకీ మధ్య, కెపాసిటర్ ప్రైమరీతో సిరీస్‌లో ఉండాలి.

పైపు ఒక చివర ఫ్యాన్ తప్పనిసరి. కంప్యూటర్ ఫ్యాన్ పెట్టాను, మన మే నెల ఎండల్లో అది విసనకర్రతో సమానం! చిన్న బ్లోయర్ పెట్టాకే తేడా తెలిసింది. లేకపోతే పీవీసీ కూడా మెత్తబడుతుంది.

నాలుగైదు సార్లు నడిపాక రాగి నల్లబడుతుంది. ప్లగ్ పీకి, కెపాసిటర్‌ని షార్ట్ చేశాకే చెయ్యి పెట్టండి. ఇందులో మొహమాటం వద్దు, అది ప్రాణం తీస్తుంది. 400 నంబరు వాటర్ పేపర్‌తో రుద్ది, గొట్టాన్ని కొంచెం తిప్పి కొత్త ముఖం ఎదురుగా పెట్టి, గేజ్‌తో మళ్లీ చూసుకోండి. పైపు లోపల మసి తుడవండి, మసి దారిలోనే కరెంటు పాకుతుంది. మూసిన గదిలో నడపకండి, ఓజోన్, నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. స్పార్క్ వైపు వెల్డింగ్ అద్దం లేకుండా చూడొద్దు.

ఆ ఇత్తడి బోల్టులు పారేయకండి. ట్రాన్స్‌ఫార్మర్ టెర్మినళ్ల దగ్గర సేఫ్టీ గ్యాప్‌గా (వోల్టేజీ హద్దు దాటితే ముందు తానే పేలి ట్రాన్స్‌ఫార్మర్‌ని కాపాడేది) పనికొస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే ఆన్ చేసినప్పుడు పేలకుండా, అంతకంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ కాకుండా బిగించండి.