విషాదాంత ముగింపు: అంతం ఎన్నిసార్లు?

సందేహం: మా కాలనీలో వేసే నాటకానికి ఆహ్వానపత్రిక రాస్తూ ‘విషాదాంత ముగింపు గల నాటకం’ అన్నాను. మా మామగారు చూసి, ముగింపు రెండుసార్లు ఎందుకమ్మా అన్నారు. తప్పేనా? అసలు ట్రాజెడీకి విషాదాంతం సరైన మాటేనా?
– ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాదు

సమాధానం: మీ మామగారిదే రైటు. అంతం అంటేనే ముగింపు కాబట్టి, ఇది ‘నడిసెంటర్లో’ లాంటి మాట. విషాదాంత నాటకం అంటే సరిపోతుంది.

తమాషా ఏమిటంటే ఆ సమాసాన్ని రెండు రకాలుగా విడదీయొచ్చు. విషాదం అంతంగా గలది అంటే బహువ్రీహి, మీరు అనుకున్న అర్థం. విషాదం యొక్క అంతం అని షష్ఠీ తత్పురుషగా తీసుకుంటే మాత్రం ఏడుపు ఆగిపోయినట్టే! సరదాకి అనడం లేదు, పాశుపత దర్శనంలో (పాత శైవ సిద్ధాంతం) చెప్పే ఐదు పదార్థాల్లో ‘దుఃఖాంతం’ ఒకటి, అక్కడ దానికి అర్థం మోక్షం. అయినా పేపర్లో ‘ఈత సరదా విషాదాంతం’ అని హెడ్డింగు చూస్తే ఎవరికీ అనుమానం రాదు, వాడుక ఒక అర్థాన్ని ఖాయం చేసేసింది.

విషాదంలో విషం లేదు (ఇదీ చాలామంది అడుగుతారు). వి అనే ఉపసర్గ, సద్ ధాతువు కలిసి వచ్చిన మాట, కుంగిపోవడం అని అర్థం. గీతలో మొదటి అధ్యాయం అర్జున విషాదయోగం కదా, అప్పటికి యుద్ధమే మొదలవలేదు, అర్జునుడు విల్లు వదిలేసి రథంలో కూలబడ్డాడు, అంతే. నాట్యశాస్త్రం కూడా విషాదాన్ని 33 వ్యభిచారి భావాల్లో, అంటే వచ్చిపోయే భావాల్లో వేసింది, కరుణరసానికి స్థాయి, అంటే నిలిచి ఉండే భావం, శోకం. ఆ లెక్కన ‘శోకాంతం’ అనాలేమో గానీ, ఇప్పుడు అంటే ఎవరు వింటారు!

ఇక ట్రాజెడీ. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సినిమా చూసి బయటికొచ్చినవాళ్లు ‘క్లైమాక్స్ ట్రాజెడీ’ అంటారు, అంటే హీరో చనిపోయాడని. ట్రాజెడీ గురించి రాసిన గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ అంత తేలిగ్గా చెప్పలేదు. మరీ చెడ్డవాడు కాని మనిషి ఏదో పొరపాటు చేస్తాడు, బతుకు తలకిందులవుతుంది, నిజం తెలిసొస్తుంది, చూసేవాళ్లకి జాలీ భయమూ కలుగుతాయి. తోబుట్టువులు ఒకరినొకరు గుర్తుపట్టి, బలి తప్పి, ప్రాణాలతో బయటపడే ‘ఇఫిజీనియా’ అనే గ్రీకు నాటకాన్నీ ఆయన మెచ్చుకుంటూనే ఉదాహరించాడు. కాబట్టి ట్రాజెడీలన్నీ విషాదాంతాలు కావు.

మనవాళ్లలో బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాసిన ‘విషాద సారంగధర’ చూడండి, తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దాన్నే చెప్తారు. ఆ కథలో రాజకుమారుడు సారంగధరుడు పావురం కోసం సవతి తల్లి చిత్రాంగి మేడకి వెళ్తాడు, ఆమె నింద వేస్తుంది, రాజు విచారించకుండా నమ్మేసి కొడుక్కి శిక్ష వేసేస్తాడు. నిజం తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. పొరపాటు తండ్రిది, నరికింది కొడుకు కాళ్లూ చేతులూ. పేరు పెట్టడంలో కూడా ‘విషాద’ అని ఊరుకున్నారు చూశారా, అంతం జోలికే పోలేదు.

కార్డులు ఇంకా ప్రింటుకి ఇవ్వకపోతే మీరూ ‘విషాద నాటకం’ అని వేయించండి, కథ ఎలా ముగుస్తుందో ముందే చెప్పేసిన గొడవ కూడా ఉండదు.