డిడక్షన్ వేరు, డిడక్టబుల్ వేరు

కొత్తగా అమెరికా వచ్చిన పిల్లలకి ఇంగ్లీషు అంటే మొదటి బెంగ యాక్సెంటే. డెజర్ట్ అన్నప్పుడు ఎక్కడ ఒత్తితే ఎడారి అవుతుందో, ఎక్కడ ఒత్తితే స్వీటు అవుతుందో అని తెగ టెన్షన్ పడతారు. భోజనం చేసి కూర్చున్న మనిషి ఎడారి తెమ్మన్నాడని ఏ వెయిటరూ అనుకోడు లెండి. అసలు దెబ్బ తగిలేది ఇన్సూరెన్స్ కాగితాల దగ్గర, టాక్స్ ఫారాల దగ్గర. అక్కడి మాటలు సగం మనం ఇండియాలో విన్నవే, మిగతా సగం ఒకదానికొకటి కవలపిల్లల్లా ఉంటాయి, అందుకని తెలిసినట్టే అనిపించి సంతకం పెట్టేస్తాం.

కారుతో మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ ముందు కొనేది అదే. మన దగ్గర కాంప్రహెన్సివ్ పాలసీ అంటే థర్డ్ పార్టీతో పాటు మన బండి డ్యామేజీ కూడా కలిసినది, జనం ఫుల్ ఇన్సూరెన్స్ అంటారు. ఇక్కడ కాంప్రహెన్సివ్ అంటే గుద్దుకోవడం తప్ప మిగతావి. దొంగతనం, నిప్పు, వరద, కొమ్మ విరిగి పడటం, మా డాలస్ వైపు ఎండలు ముదరకముందు పడే వడగళ్ళు, ఇవన్నీ అందులోకి వస్తాయి. మీరు పార్కింగులో రివర్స్ చేస్తూ స్తంభానికి కొడితే మాత్రం రాదు, దానికి కొలిజన్ అని వేరే కవరేజీ ఉండాలి. తమాషా ఏంటంటే, జింక అడ్డమొచ్చి దాన్ని గుద్దితే కాంప్రహెన్సివ్, జింకని తప్పించబోయి చెట్టుకి గుద్దితే కొలిజన్. ఈ రెండూ కాక అవతలివాళ్ళకి మనవల్ల జరిగిన నష్టానికి లయబిలిటీ, చట్టం అడిగేది దీన్నే. టెక్సస్‌లో కనీసం 30/60/25 ఉండాలి, అంటే ఒక మనిషి గాయాలకి 30 వేల డాలర్లు, ఒక ప్రమాదంలో గాయపడ్డవాళ్ళందరికీ కలిపి 60 వేలు, ఆస్తి నష్టానికి 25 వేలు. రోడ్డు మీద మీ ముందు పోతున్న బండి ధర ఒకసారి చూసి, ఆ 25 వేలు ఏ మూలకి సరిపోతాయో మీరే చెప్పండి.

ఇక డిడక్టబుల్. జీతంలో కోసుకునే డబ్బు అనుకునేవాళ్ళని చూశాను, టాక్సులో మినహాయింపు అనుకునేవాళ్ళనీ చూశాను. రెండూ కాదు. ఇన్సూరెన్స్ కంపెనీ జేబులో చెయ్యి పెట్టకముందు మీరు పెట్టుకోవాల్సిన డబ్బు అది. హెల్త్ ఇన్సూరెన్స్‌లో దీని పక్కనే కోపే, కోఇన్సూరెన్స్ అని ఇంకో ఇద్దరు ఉంటారు. కోపే అంటే డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా కౌంటర్లో కట్టే నికరమైన మొత్తం, 30 డాలర్లో 40 డాలర్లో. కోఇన్సూరెన్స్ శాతం లెక్క, డిడక్టబుల్ అయిపోయాక మొదలవుతుంది. మీ ప్లాన్‌లో డిడక్టబుల్ 1,500, కోఇన్సూరెన్స్ 20 శాతం అనుకుందాం. అపెండిసైటిస్ ఆపరేషన్‌కి కంపెనీ ఒప్పుకున్న రేటు 16,500 అయితే, ముందు మీ 1,500, మిగిలిన 15 వేలల్లో 20 శాతం 3,000, మొత్తం 4,500 మీ నెత్తిన. దీనికి ఏడాదికి ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది, దాన్ని అవుట్ ఆఫ్ పాకెట్ మాగ్జిమమ్ అంటారు. ప్లాన్ ఎంచుకునేటప్పుడు అందరూ నెలనెలా కట్టే ప్రీమియం చూస్తారు, నేనైతే ముందు ఈ అంకె చూడమంటాను.

ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకి ఇంటికో కవరు వస్తుంది, లోపల పెద్ద అంకెలతో పట్టిక, పైన ఎక్కడో దిస్ ఈజ్ నాట్ ఎ బిల్ అని. అది చూసి నిద్ర మానుకోకండి. అది ఇన్సూరెన్స్ వాళ్ళ లెక్క మాత్రమే, డబ్బు కట్టాల్సింది హాస్పిటల్ నుంచి బిల్లు వచ్చాకే, అదీ రెండిట్లో అంకెలు కలిసాకే. డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసినప్పుడు మా ఇన్సూరెన్స్ యాక్సెప్ట్ చేస్తారా అని అడక్కండి, చేస్తాం అంటారు, నెట్‌వర్క్‌లో (అంటే మీ ఇన్సూరెన్స్ కంపెనీతో రేటు ఒప్పందం ఉన్నవాళ్ళలో) లేకపోయినా అంటారు. నా ప్లాన్‌కి ఇన్ నెట్‌వర్కేనా అని, ప్లాన్ పేరు చెప్పి మరీ అడగండి.

అమ్మానాన్నల్నో అత్తమామల్నో పిలిపించేటప్పుడు కాంప్రహెన్సివ్ మళ్ళీ ఎదురవుతుంది, ఈసారి ఇంకో అర్థంతో. విజిటర్ ఇన్సూరెన్స్‌లో కాంప్రహెన్సివ్ ప్లాన్ డిడక్టబుల్ దాటాక ఖర్చులో శాతం కడుతుంది, ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్ ఒక్కో ఐటెమ్‌కీ ఇంత అని లెక్కగట్టి ఇస్తుంది, చవగ్గా ఉంటుంది, హాస్పిటల్లో పడితే ఏ మూలకీ రాదు. బీపీ, షుగరు ఉన్న పెద్దవాళ్ళకి ప్రీ ఎగ్జిస్టింగ్ కండిషన్ కవర్ అవుతుంది అని చెప్పే మాట వెనక తరచుగా అక్యూట్ ఆన్‌సెట్ అనే రెండు మాటలుంటాయి. అంటే పాత జబ్బు ఏ సూచనా లేకుండా ఉన్నట్టుండి తిరగబెడితే, చెప్పిన గడువులోపల, చాలా ప్లాన్లలో 24 గంటల్లో, వైద్యం మొదలైతేనే. నాన్నగారి షుగరు చెకప్పుకీ మందులకీ ఇది పనికిరాదు, మందులు అక్కణ్ణుంచే తెచ్చుకోమనండి, ప్రిస్క్రిప్షన్‌తో సహా. వయసు పరిమితి కూడా చదవండి.

మెడికేర్, మెడికెయిడ్ ఈ రెండు ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్ పథకాలూ 1965లో ఒకే చట్టంతో పుట్టాయి, పేర్లూ కవలల్లానే ఉంటాయి. మొదటిది ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి, రెండోది తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి రాష్ట్రాలు నడిపేది. విజిటర్ వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళకి ఈ రెండూ రావు.

చివరగా టాక్సు. డిడక్షన్ మనకి 80సి నుంచి తెలిసిన మాటే, పన్ను వేసే ఆదాయం తగ్గుతుంది. క్రెడిట్ నేరుగా పన్నులోంచే పోతుంది. 22 శాతం శ్లాబులో వెయ్యి డాలర్ల డిడక్షన్‌కి మిగిలేది 220, వెయ్యి డాలర్ల క్రెడిట్‌కి వెయ్యికి వెయ్యి. మనం టీడీఎస్ అనేదాన్ని ఇక్కడ విత్‌హోల్డింగ్ అంటారు.

వీటన్నిటికంటే ఎక్కువమంది స్టూడెంట్లు పడే గొయ్యి రెసిడెంట్ అనే మాట. అపార్ట్‌మెంట్లో రెసిడెంటే, డ్రైవింగ్ లైసెన్స్ ఇచ్చిన రాష్ట్రానికీ రెసిడెంటే, కానీ ఎఫ్1 (స్టూడెంట్ వీసా) మీద మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు టాక్సు లెక్కలో మామూలుగా నాన్ రెసిడెంట్. డిసెంబరు చివర్లో దిగినా అది ఒక సంవత్సరం కిందే లెక్క. కాబట్టి మీరు వేయాల్సిన టాక్స్ రిటర్న్ ఫారం మామూలు 1040 కాదు, నాన్ రెసిడెంట్ల 1040ఎన్ఆర్, దాంతోపాటు 8843 ఫారం. నాన్ రెసిడెంట్లకి స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు, కానీ ఇండియా నుంచి వచ్చిన విద్యార్థులకి రెండు దేశాల పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ కింద ఉంటుంది, వదులుకోకండి. ఓపీటీలో (ఎఫ్1 స్టూడెంట్లకి చదివిన రంగంలో పనిచేయడానికిచ్చే అనుమతి) ఉద్యోగం చేస్తుంటే పే స్టబ్‌లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం కోస్తున్నారేమో చూసుకోండి, ఆ 5 ఏళ్ళలోపు కోయకూడదు. కోసి ఉంటే ముందు కంపెనీ పేరోల్ వాళ్ళనే అడగాలి, వాళ్ళు ఇవ్వకపోతే 843, 8316 ఫారాలు నింపి ఇక్కడి టాక్స్ శాఖ ఐఆర్ఎస్‌కి పంపాలి. రూమ్మేట్ చెప్పాడని ఇప్పటికే 1040 వేసేసి ఉంటే 1040ఎక్స్‌తో సరిచేసుకోవచ్చు. మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో నాన్ రెసిడెంట్ల టాక్స్ సాఫ్ట్‌వేర్ కోడ్ ఇస్తున్నారేమో అడగండి, చాలాచోట్ల ఉచితంగానే ఇస్తారు.